మూడు కొబ్బరికాయలు, రెండు చేతులు

శ్రోతలకు నమస్కారం. సర్కస్ డేరాలో తీగ మీద నడిచే అమ్మాయిని చూసి ఊపిరి బిగబడతాం. ఆమె దిగగానే అదే తీగ ఎక్కబోయి, తూలి, జారి, లాగు ఊడిపోకుండా ఒక చేత్తో పట్టుకొని వేలాడే జోకరును చూసి పొట్ట పట్టుకొని నవ్వుతాం. ఆమెది విద్య, ఇతనిది కోతిచేష్ట అనుకుంటూ ఇంటిదారి పడతాం. కానీ తీగ మీద పడబోతున్నట్టు కనిపించాలంటే ముందు పడకుండా నడవడం వచ్చి తీరాలి. ఎక్కడ తూలాలో, ఎంత తూలాలో, ఏ క్షణంలో నిలదొక్కుకోవాలో తెలిసినవాడే తప్పును ఒప్పుగా చేయగలడు. ఆ విద్య గురించే ఈ ప్రసంగం.

మొదట నేర్చుకోవలసింది పడటం. ఇది రేడియో కనుక కొంచెం నిదానంగా చెబుతాను. వెనక్కి పడేవాడు గడ్డాన్ని ఛాతీకి ఆనించుకోవాలి, లేకపోతే తల నేలకు కొట్టుకుంటుంది. ఊపిరి వదులుతూ మోకాళ్లు మడిచి, ఒక పక్క పిరుదు, ఆ తరువాత వీపు, భుజం వరుసగా నేలను తాకేటట్టు దొర్లాలి. అదే క్షణంలో చెయ్యి చాచి అరచేత్తో నేలను గట్టిగా చరచాలి. ఆ చరుపు తాకిడిని చెయ్యంతటికీ పంచుతుంది, చూసేవారికి పెద్ద దెబ్బ తగిలిన చప్పుడునూ వినిపిస్తుంది. మణికట్టు మీద, మోచేతి మీద వాలితే ఎముక విరుగుతుంది. అందుకే తెలిసినవారు పక్కనుండగా, పరుపు మీదనో గోదావరి లంకల్లోని మెత్తని ఇసుకలోనో మొదలుపెట్టడం మంచిది. చెంపదెబ్బ కూడా ఇలాంటిదే. కొట్టేవాడి చెయ్యి చెంపను తాకదు. దెబ్బ తినేవాడే, ప్రేక్షకుల కంట పడకుండా, నడుము దగ్గర తన రెండు చేతులనూ చరిచి, ఆ చప్పుడుతోనే తల తిప్పుతాడు. చప్పుడుకూ తలకూ మధ్య రవ్వంత ఎడం వచ్చినా నవ్వు పుట్టదు.

ఇదే కిటుకు మన తోలుబొమ్మలాటలో ఎప్పటినుంచో ఉంది. తెర వెనక ఆడించేవారి కాళ్ల కింద చెక్కబల్లలు ఉంటాయి. తెర మీద బంగారక్క అనే హాస్యపు బొమ్మ చెయ్యి విసరడం, తెర వెనక మడమ బల్లను తొక్కడం ఒక్కసారే జరిగితే, తోలు మీద తోలు తగిలిన ఆ దెబ్బకు జనం మధ్యలో కూర్చున్న పిల్లవాడు తన చెంప తడుముకుంటాడు. కాకినాడ దగ్గరి మాధవపట్నం ఈ బొమ్మలాటకు పేరుపొందిన ఊరు. రామాయణ కథ తెల్లవార్లూ నడుస్తుంటే, ఘట్టానికీ ఘట్టానికీ మధ్య కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దూరి, కునుకు తీస్తున్నవారిని లేపుతారు. వారి మాటలు పద్యాలు కావు, ఆ ఊరి సంతలో వినిపించే మాటలే. ఆ పూట ఆ ఊళ్లో జరిగిన సంగతిని అప్పటికప్పుడు సంభాషణలో కలిపే నేర్పు ఏ తాళపత్రంలోనూ దొరకదు.

పడటం వచ్చినంత మాత్రాన జోకరు కాలేడు. అతనికి గట్టి కోరిక ఒకటి ఉండాలి, అది తీరకుండా ఏదో అడ్డుపడాలి. కోనసీమ ఊళ్లో తీర్థానికి మూడు ఒలవని కొబ్బరికాయలు మోసుకెళ్లవలసిన మనిషిని ఊహించండి. చంకకొకటి చొప్పున రెండు ఇరికించుకుంటాడు. మూడోదాని కోసం వంగితే ఒకటి జారుతుంది. దాన్ని అందుకోబోతే రెండోది జారుతుంది. మొదటిసారి జనం చిరునవ్వు నవ్వుతారు. రెండోసారి ముందే ఊహించి నవ్వుతారు. మూడోసారీ అలాగే జారితే విసుగు పుడుతుంది, కనుక అక్కడ దారి మార్చాలి. అతను రెండు కాయలనూ నేల మీద జాగ్రత్తగా పెట్టి, మూడోదాన్ని మాత్రం ఎత్తుకొని, జనం వైపు గర్వంగా చూసి, నాలుగడుగులు వేసి, ఠక్కున ఆగుతాడు. ఇంతసేపూ అతని భుజం మీద తువ్వాలు ఉంది. మూట కట్టుకోవచ్చని అతనికి తప్ప అందరికీ తెలుసు. పిల్లలు "తువ్వాలు! తువ్వాలు!" అని అరుస్తారు. అతను ఆ తువ్వాలు తీసి, చెమట తుడుచుకొని, మళ్లీ భుజాన వేసుకుంటాడు.

ఈ ఆటలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ చూపు. కాయ జారిన ప్రతిసారీ నటుడు ఒక్క క్షణం కదలిక మాని జనాన్ని చూస్తాడు. నవ్వు పూర్తిగా లేచి, తగ్గడం మొదలయ్యేదాకా ఆగి, అప్పుడు కదులుతాడు. తొందరపడి నవ్వును తొక్కేసేవారే ఎక్కువ.

గోదావరి జిల్లాల నుంచి ఇలా ఆగడం తెలిసిన నటులు ఎందరో వచ్చారు. 1910లో పుట్టిన రేలంగి వెంకట్రామయ్య కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలలో వేషాలు కట్టారు. పాలకొల్లులో 1922లో పుట్టిన అల్లు రామలింగయ్యదీ రంగస్థలం నుంచి వచ్చిన నటనే. రాజమహేంద్రవరం వాడైన రాజబాబు బుర్రకథ నేర్చుకున్నవారు. బుర్రకథలో హాస్యం చెప్పే వంతగాడు కథకుడి మాట తెగిన చోటనే అందుకోవాలి, అర క్షణం ముందైనా వెనకైనా కథ చెడుతుంది.

వేషం విషయంలో ఒక ముచ్చట. నాట్యశాస్త్రం హాస్యరసానికి తెలుపు రంగును చెప్పింది. 1778లో లండన్‌లో పుట్టిన జోసెఫ్ గ్రిమాల్డీ ముఖానికి తెలుపు పూసి, బుగ్గల మీద ఎరుపు దిద్ది వినోదం పంచాడు. పాశ్చాత్య జోకర్ల ముఖవేషానికి అతనే ఒరవడి పెట్టాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను అనను, కానీ దూరాన కూర్చున్నవాడికి కనుబొమ కదలిక కూడా కనపడాలంటే తెల్లని ముఖం ఎంతో తోడ్పడుతుంది.

అదే నాట్యశాస్త్రం విదూషకుడిని పొట్టివాడిగా, గూనివాడిగా, ఎత్తుపళ్లవాడిగా వర్ణించింది. ఈ ఒక్కచోట నేను పాతదాన్ని వదులుకోమంటాను. ఎదుటివారి అవిటితనాన్ని, నలుపును, నత్తిని అనుకరించి నవ్వించడానికి సాధన అక్కర్లేదు, అది గాయం కూడా చేస్తుంది. జోకరు ఓడిపోవలసింది తన కొబ్బరికాయల చేతిలో, తన టోపీ చేతిలో.

చిన్నపిల్లల్లో కొందరు రంగు ముఖాన్ని చూసి జడుసుకుంటారు. అప్పుడు దగ్గరికి వెళ్లకూడదు. దూరంగా మోకాళ్ల మీద కూర్చొని, పిల్లల వైపు చూడకుండా తన టోపీతోనే తాను పోట్లాడుతూ ఉండాలి. కాసేపటికి పిల్లలే జరిగి జరిగి వస్తారు. 1986లో న్యూయార్క్‌లో బిగ్ ఆపిల్ సర్కస్ జోకర్లను ఆసుపత్రుల్లోని పిల్లల వార్డులకు పంపడం మొదలుపెట్టినప్పటి నుంచి, ఈ పద్ధతి చాలా దేశాలకు పాకింది. అక్కడ గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని పిల్లవాడినే అడుగుతారు. వద్దంటే వెళ్లిపోతారు. సూదులకూ మందులకూ వద్దనే వీలు లేని పిల్లవాడికి, వద్దని చెప్పగలిగేది ఆ జోకరుకు ఒక్కడికే.

మన కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం కళాశాలల్లో నాటకాలు ఆడే యువకులు, యువతులు ఉన్నారు. బొమ్మలాట పెద్దలలో ఇంకా బల్ల తొక్కగలిగినవారు ఉన్నారు. ఆ పెద్దలను సన్మానానికి కాక పాఠానికి పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి, ఏడాది పొడవునా నేర్పించమని కళాశాలల నిర్వాహకులను కోరుతున్నాను.