ఆవుకీ దున్నకీ దూడ పుట్టదెందుకు?

శ్రోతలకు నమస్కారం.

ఆవులూ గేదెలూ ఒకే బీట్లో మేస్తాయి, ఒకే చెరువులో నీళ్లు తాగుతాయి. అయినా దున్నపోతు వల్ల ఆవు చూలు కట్టిందని ఎక్కడా వినం. తల్లిదండ్రుల లక్షణాలను బిడ్డకు చేరవేసే పోగులను క్రోమోజోములంటారు. ఆవు కణంలో అవి 60, మన ముర్రా గేదె కణంలో 50. పైగా ఇవి ఏనాడో విడిపోయిన దూరపు చుట్టాలు.

"మరి మా ఇంట్లో ఉన్నది సంకరజాతి ఆవే కదండీ" అంటారేమో. జెర్సీ అయినా ఒంగోలు అయినా ఆవు ఆవే. అది పొరుగూరి సంబంధం లాంటిది, అంతే.

గుర్రం, గాడిద అలా కాదు. అవి వేర్వేరు జాతులే, కానీ దగ్గరివి. గుర్రానికి 64, గాడిదకు 62. ఆడగుర్రానికి మగగాడిద వల్ల పుట్టేది కంచర గాడిద. తల్లి నుంచి 32, తండ్రి నుంచి 31, వెరసి 63. ఈ బేసి లెక్కతో దాని ఒంటికి ఏ లోటూ లేదు. కొండదారుల్లో మన సైన్యానికి ఏళ్ల తరబడి సరుకు మోసింది ఇవే. చిక్కంతా వీర్యకణమో అండమో తయారయ్యేటప్పుడు వస్తుంది. అప్పుడు తల్లి క్రోమోజోము, తండ్రి క్రోమోజోము జతకట్టాలి. ఇక్కడ జత కుదరదు. అందుకే దానికి పిల్లలుండవు. ఆడ కంచర గాడిద ఈనిన సందర్భాలు ఉన్నాయి గానీ, బహు అరుదు.

అయితే లెక్క కుదిరితే చాలా? చాలదు. లడఖ్‌లో జడలబర్రెనూ ఆవునూ కలిపి 'జో' అనే పశువును పుట్టిస్తారు. రెండింటికీ 60 క్రోమోజోములే. అయినా మగ జో దున్నడానికీ బరువులకూ మాత్రమే పనికొస్తుంది, దాని వల్ల చూలు నిలవదు. ఆడది, అంటే జోమో, చక్కగా ఈనుతుంది, పాలిస్తుంది. కలకత్తా అలీపూర్ జూలో రుద్రాణి అని ఒకటుండేది. తండ్రి పులి, తల్లి సింహం. అదీ ఆడదే. సింహంతో కలిసి 7 పిల్లల్ని కన్నది.

దెబ్బ మగవాటికే ఎందుకు తగులుతోంది? 1922లో జె.బి.ఎస్. హాల్డేన్ అనే జీవశాస్త్రవేత్త దీన్ని ఒక సూత్రంగా చెప్పారు. సంకరంలో ఒక లింగమే దెబ్బతింటే, సాధారణంగా అది ఆడా మగా తేల్చే లింగ క్రోమోజోములు రెండు రకాలవి ఉన్నదే అవుతుంది. పాలిచ్చే జంతువుల్లో అది మగది. పక్షుల్లో ఆడది!

ఈ ఇంగ్లీషాయన తర్వాత మన దేశపు పౌరుడయ్యారు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. వైద్య విద్యార్థుల చదువుకు తన దేహం ఉపయోగపడాలని రాసి పెట్టారు. అది చేరింది ఎక్కడికో తెలుసా? మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు.