విలియం విల్కిన్స్ కెరీర్ రివ్యూ: ఎలివేషన్ అదుర్స్, మరి లోపల?

అందరికీ నమస్కారం. వేమన పద్యాలు సేకరించి అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్ దొర మనందరికీ తెలుసు కదా. 1817లో ఆయన మద్రాసులో దిగేముందు చదువుకున్నది ఇంగ్లండులోని హెయిలీబరీలో, ఈస్టిండియా కంపెనీ తన కుర్ర ఉద్యోగుల కోసం పెట్టుకున్న కాలేజీలో. ఆ కాలేజీకి డిజైన్ ఇచ్చిన మనిషే విలియం విల్కిన్స్, ఇవాళ అతని మొత్తం కెరీర్‌ని రివ్యూ చేద్దాం.

1778లో నారిచ్‌లో పుట్టాడు. తండ్రీ ఆర్కిటెక్టే. కేంబ్రిడ్జిలో లెక్కల్లో ఆరో ర్యాంకు తెచ్చుకుని, ఆ పైన ట్రావెలింగ్ స్కాలర్‌షిప్ వస్తే గ్రీసు, ఇటలీ, ఆసియా మైనర్ చుట్టేసి పాత గుడుల కొలతలు రాసుకుని వచ్చాడు. ఇంగ్లండులో అప్పటిదాకా స్తంభాలంటే ఎక్కువగా రోమన్ మోడలే, ఇతనేమో నేరుగా గ్రీకు సరుకు పట్టుకొచ్చాడు.

టైమింగ్ కూడా కలిసొచ్చింది. కేంబ్రిడ్జిలో డౌనింగ్ కాలేజీ కట్టాలనుకుంటున్నారు, జేమ్స్ వయాట్ అనే పెద్ద ఆర్కిటెక్ట్ ప్లాన్ కూడా ఇచ్చేశాడు. 1804లో థామస్ హోప్ అనే ధనవంతుడు ఆ ప్లాన్‌ని చీల్చి చెండాడుతూ, అసలు సిసలు గ్రీకు పద్ధతిలో కట్టాలని ఒక పాంప్లెట్ వేశాడు. చివరికి పని మన కుర్రాడికి దక్కింది, 1807లో మొదలైంది.

ఇప్పుడు స్క్రీన్ మీద ప్లాన్ చూడండి. కేంబ్రిడ్జిలో పాత కాలేజీలు చాలావరకు పెద్ద గేటు, లోపల నాలుగు వైపులా గదులు, మధ్యలో ముంగిలి, కోట లాగా మూసుకుని ఉంటాయి. విల్కిన్స్ ఆ గోడల్ని విడగొట్టేసి, విశాలమైన పచ్చిక చుట్టూ బ్లాకులు విడివిడిగా పెట్టాడు. అమెరికా మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ గీసిన వర్జీనియా యూనివర్సిటీకి పునాది రాయి పడింది 1817లో, అంటే పదేళ్ళ తర్వాత. క్యాంపస్ అనగానే మనకి గుర్తొచ్చే ఆ బొమ్మ ఇక్కడ ముందే ఉంది, ఆ క్రెడిట్ మాత్రం ఇతనికి పెద్దగా ఇవ్వరు. స్తంభాలు ఏథెన్స్‌లోని ఎరెక్థియాన్ అనే గుడి చూసి చేసిన అయోనిక్ (పైన చుట్టలు తిరిగిన గ్రీకు రకం) స్తంభాలు, సన్నగా, పొగరు లేకుండా బాగుంటాయి. కాకపోతే 1820ల మొదట్లో డబ్బులైపోయి లైబ్రరీ, చాపెల్ (ప్రార్థన మందిరం) వైపు కట్టనే లేదు. ఉత్తరం వైపు ఖాళీని 1930 ప్రాంతంలో కట్టి నింపింది ఎవరనుకున్నారు, ఢిల్లీ సెక్రటేరియట్ బ్లాకులు కట్టిన హెర్బర్ట్ బేకర్!

విల్లాల సంగతికొస్తే హ్యాంప్‌షైర్‌లోని గ్రేంజ్ చూడాల్సిందే, 1809లో మొదలైంది. ఓనరు హెన్రీ డ్రమ్మండ్, ఇరవై మూడేళ్ళ బ్యాంకరు. అక్కడ అప్పటికే ఒక పాత ఇటుక ఇల్లు ఉంది, దాన్ని పడగొట్టకుండా చుట్టూ గ్రీకు గుడి తొడిగేశాడు విల్కిన్స్. ముందు ఆరేసి స్తంభాలు రెండు వరసల్లో, ఏథెన్స్‌లోని హెఫయిస్టోస్ గుడి మోడల్. దూరం నుంచి రాతి కట్టడమే అనిపిస్తుంది గానీ దగ్గరికెళ్ళి పెచ్చు ఊడిన చోట చూస్తే లోపల ఇటుక, పైన సిమెంటు పూత. గుడికి అరుగు కావాలి కదా, అందుకని కింది అంతస్తు చుట్టూ మట్టి ఎత్తించాడు. బయట లుక్ అదిరింది, కింద గదులకి వెలుతురు పోయింది. డ్రమ్మండ్‌కి నచ్చక 1817లో అమ్మేశాడు, నేనైనా అమ్మేసేవాణ్ణే. అయినా చెరువు అవతలి నుంచి ఆ ముఖం చూస్తే మాత్రం తిట్టడానికి నోరు రాదు. 1970ల్లో కూల్చేయబోయి ఆపారు, ఇప్పుడక్కడ వేసవిలో ఒపెరాలు జరుగుతాయి.

హెయిలీబరీలోనూ అదే జబ్బు. తోట వైపు పొడవాటి ముఖం, మూడు పోర్టికోలు (స్తంభాలున్న ముఖమండపాలు), షో అంతా అక్కడే. కుర్రాళ్ళు రోజూ తిరిగే వెనక చౌకం మాత్రం సాదాసీదాగా వదిలేశాడు.

1826లో లండన్‌లో కొత్త యూనివర్సిటీ వచ్చింది, ఇప్పటి యూనివర్సిటీ కాలేజ్ లండన్. మతం అడగకుండా సీటిచ్చే చోటు, ఆ రోజుల్లో అది పెద్ద విషయం. విల్కిన్స్ పది కొరింథియన్ (పైన ఆకుల చెక్కుడున్న గ్రీకు రకం) స్తంభాలు, వాటి ముందు మెట్లు, వెనక డోమ్ పెట్టాడు. మళ్ళీ డబ్బు చాలక అతను గీసిన రెండు పక్కల బ్లాకులు ఆగిపోయాయి, ముందు ప్రాంగణం పూర్తయ్యేసరికి 1985 అయింది! ఇండియా నుంచి రిటైరై వెళ్ళిన బ్రౌన్ తెలుగు ప్రొఫెసర్‌గా చేరింది కూడా ఈ కాలేజీలోనే, అంటే కుర్రప్పుడూ ముసలితనంలోనూ విల్కిన్స్ స్తంభాల కిందే అన్నమాట.

గ్రీకు పిచ్చోడు అని ముద్ర వేద్దామంటే కుదరదు, కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజీ ముందున్న గోథిక్ (మధ్యయుగపు చర్చిల స్టైల్) గోడ కూడా ఇతనిదే. క్లయింటు అడిగితే స్టైల్ మార్చేవాడు, అందులో నాకు తప్పేం కనిపించదు.

ఇక ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నేషనల్ గ్యాలరీ, 1838లో తెరిచారు. అంత పొడవు బిల్డింగ్ నెత్తిన అంత చిన్న డోమా? జనం అప్పుడే ఎగతాళి చేశారు, నేనూ వాళ్ళ పక్షమే. స్థలం లోతు తక్కువన్నది నిజమే గానీ ఆ డోమ్‌కి అది సాకు కాదు. మరుసటి ఏడాది, తన 61వ పుట్టినరోజు నాడే పోయాడు.

నా లెక్కలో డౌనింగ్ ఫస్ట్, లండన్ యూనివర్సిటీ కాలేజ్ పోర్టికో సెకండ్, గ్రేంజ్‌కి ఎలివేషన్ మార్కులు మాత్రమే, నేషనల్ గ్యాలరీ ఆఖరు. యూకేలో ఉన్న మనవాళ్ళు ఇవి చూసుంటే, గ్యాలరీని నేను అన్యాయంగా కిందికి తోశాననిపిస్తే కింద రాయండి, గొడవ పడదాం.