మేకు దిగినా తెలియలేదు: షుగర్ ఉన్నవాళ్ళు ఒక్కసారి చెప్పులు విప్పండి

నమస్కారమండీ. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. మీకు షుగర్ ఉంటే చెప్పులు విప్పండి. సాక్సులుంటే అవీ తీసేయండి. ఇంట్లో ఎవరినైనా పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళతో పనుంది, కాసేపట్లో చెప్తాను.

మా పెదనాన్నగారు రిటైర్డ్ లెక్కల మాస్టారు. పదిహేనేళ్ళుగా షుగర్. ఒకరోజు బజారు నుంచి కూరలు తెచ్చి, సంచి వంటింట్లో పెట్టి, హాల్లో కూర్చుని పేపర్ తీశారు. మా పెద్దమ్మ చూస్తే గచ్చు మీద వరసగా ఎర్రటి మరకలు. "ఏం తొక్కారండీ?" అంటే "నేనేం తొక్కలేదే!" అన్నారు. గుమ్మం దగ్గర విప్పిన చెప్పు తిరగేస్తే మేకు. అడుగు నుంచి దూసుకొచ్చి పైకి తేలి ఉంది. బజారు నుంచి ఇంటిదాకా ఆయన దాని మీదే నడిచొచ్చారు.

"నొప్పి లేదుగా, అదే మానుతుంది" అని పసుపు అద్దారు. వారం తిరిగేసరికి బొటనవేలు నల్లబడింది. ఆ వేలూ, దాని పక్క వేలూ తీసేశారు.

"అదేంటి, షుగర్ కంట్రోల్లోనే ఉందిగా" అనుకున్నాం అందరం. ఎక్కడిది కంట్రోలు? ఆయన చూపించేది పరగడుపు రిపోర్టు ఒక్కటే. దానికి కూడా మూడు రోజుల ముందు నుంచి రాత్రిళ్ళు అన్నం మానేసి పుల్కాలు తినేవారట. మాస్టారుగారే కాపీ కొట్టారన్నమాట! హెచ్‌బీఏ1సీ పరీక్ష దగ్గర ఈ ఆట సాగదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్ళూ దానికి అంటుకున్న చక్కెరను లెక్కేస్తారు కాబట్టి రెండు మూడు నెలల బాగోతం బయటపడుతుంది. చాలామందికి ఇది 7 శాతం లోపు ఉండాలంటారు. పెద్ద వయసువాళ్ళకి, వేరే జబ్బులున్నవాళ్ళకి డాక్టర్లు కొంచెం సడలిస్తారు.

"7 అయితేనేం, 8 అయితేనేం" అనకండి. బ్రిటన్‌లో కొత్తగా షుగర్ బయటపడిన వేలమందిని ఏళ్ళ తరబడి గమనించి 1998లో ఫలితాలు ప్రకటించారు. పదేళ్ళపాటు సగటున 7.0 దగ్గర ఉన్న గుంపులో, 7.9 దగ్గర ఉన్న గుంపుతో పోలిస్తే, చిన్న రక్తనాళాలు దెబ్బతిని వచ్చే కంటి, కిడ్నీ సమస్యల్లాంటివి పాతిక శాతం తక్కువ. ఒక్క పాయింటు కూడా లేని తేడా అది.

సరే, మేకు దిగితే తెలియకపోవడమేంటి? ఎక్కువైన చక్కెర నరాలనీ, ఆ నరాలకు రక్తం అందించే సన్నటి నాళాలనీ ఏళ్ళ తరబడి దెబ్బతీస్తుంది. ముందు పొడవాటి నరాల కొసలు పోతాయి. అందుకే మొదలయ్యేది కాలివేళ్ళ దగ్గర. తిమ్మిర్లు, రాత్రిళ్ళు అరికాళ్ళ మంటలు, దూది మీద నడుస్తున్నట్టు ఉండటం. కొందరికి కొన్నాళ్ళకి మంటలు వాటంతటవే ఆగిపోతాయి. "నాటు మందు పనిచేసింది" అని సంబరపడతారు. చాలాసార్లు అక్కడ జరిగింది వేరు. మంట అని చెప్పాల్సిన నరమే చచ్చిపోయింది.

నొప్పి తెలియకపోతే ఎంత ప్రమాదమో మన పక్కనే, వేలూరులో బయటపడింది. పాల్ బ్రాండ్ అని తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో పుట్టిన ఇంగ్లీషు సర్జన్ 1946లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. కుష్టు రోగం వేళ్ళను తినేస్తుందని అప్పట్లో నమ్మేవాళ్ళు. కాదు, నొప్పి తెలియక దెబ్బ మీద దెబ్బ తగిలి కాళ్ళూ చేతులూ పాడవుతున్నాయని ఆయన చూపించారు. తర్వాత అమెరికాలో పనిచేస్తూ షుగర్ వాళ్ళ పాదాల్లోనూ అదే జరుగుతోందని గట్టిగా చెప్పారు. ఇప్పుడు మనం కొనే మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు కూడా మొదట కుష్టు రోగుల పాదాల కోసం వాడినవే.

ఇప్పుడు మీ పక్కన కూర్చున్నవాళ్ళకి పని. మీరు కళ్ళు మూసుకోండి. వాళ్ళు వేలికొసతో మీ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు చివర్లని తాకాలి. రెండు కాళ్ళకీ కలిపి ఆరు చోట్ల, ఒక్కోచోట ఒకటి రెండు సెకన్లు. గుచ్చొద్దు, నొక్కొద్దు, ఊరికే ఆనించాలి. తగిలినప్పుడల్లా కుడో ఎడమో మీరు చెప్పాలి. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ డాక్టర్లు పెట్టిన పరీక్ష ఇది. ఆరింటిలో రెండో అంతకంటే ఎక్కువో తెలియలేదంటే స్పర్శ తగ్గిందన్నమాటే. డాక్టర్ దగ్గరికెళ్తే గాలం దారంలాంటి నైలాన్ పోగుతో సరిగ్గా చూస్తారు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర చాలా ఏళ్ళుగా వేసుకుంటుంటే రక్తంలో విటమిన్ బీ12 కూడా చూడమని అడగండి. అది తగ్గినా తిమ్మిర్లొస్తాయి. అలాగని మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి.

స్పర్శ తగ్గినవాళ్ళు వేడినీళ్ళలో కాళ్ళు పెట్టకూడదు. స్నానం నీళ్ళ వేడి కూడా కాలితో కాదు, మోచేత్తో చూసుకోవాలి. ఆనెకాయల్ని బ్లేడుతో కోయొద్దు, షాపులో దొరికే మందు పట్టీలూ వేయొద్దు. చెప్పు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. ఇక మొక్కుల సంగతి. వట్టికాళ్ళతో అలిపిరి మెట్లెక్కుతామని మొక్కుకున్నవాళ్ళు ముందు డాక్టర్‌కి పాదాలు చూపించండి. గుళ్ళో మిట్టమధ్యాహ్నం బండల మీద ప్రదక్షిణలు మాత్రం వద్దు, ఎండెక్కకముందే వెళ్ళిరండి. కాలిందని మీకు తెలియదు, బొబ్బలెక్కాకే కనిపిస్తుంది.

పుండు పడినా, పాదం ఎర్రబడి వేడిగా వాచినా, నొప్పి లేకపోయినా సరే, ఆ రోజే ఆస్పత్రికి. సిగరెట్ అలవాటుంటే కాలికి రక్తం ఇంకా తగ్గుతుంది, ఆ మాట వేరే చెప్పక్కర్లేదు.

కళ్ళదీ కిడ్నీలదీ ఇదే కథ, మొదట్లో ఏమీ తెలియనివ్వవు. చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్షా అంతే, ఏడాదికోసారి.

ఇప్పుడు మా పెదనాన్నగారి మంచం పక్కన అరికాళ్ళు చూసుకోవడానికి ఒక చిన్న అద్దం ఉంటుంది. ఆయనకు చూపు ఆనదు కాబట్టి రోజూ పడుకునే ముందు మా పెద్దమ్మే కళ్ళజోడు పెట్టుకుని, టార్చి వేసి, వేళ్ళ సందులతో సహా చూస్తుంది. ఆయన గొణుగుతూనే ఉంటారు. మొన్న ఎడమ మడమ దగ్గర బఠాణీ గింజంత బొబ్బ కనిపించింది. "నొప్పేం లేదే" అన్నారాయన అలవాటుగా. పెద్దమ్మ వినలేదు, పొద్దున్నే ఆటో పిలిచింది.