ఆఖరి దశ వైద్యంపై ముందే రాసిపెట్టుకునే పత్రం: శ్రోతల ప్రశ్నలు, నిపుణుల సమాధానాలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. కోలుకునే ఆశ లేని జబ్బుతో, మన మాట మనం చెప్పుకోలేని స్థితికి చేరినప్పుడు ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందుగానే రాసిపెట్టుకునే పత్రాన్ని లివింగ్ విల్ అంటున్నాం. ప్రశ్నలకు జవాబులు నింపితే ఈ పత్రాన్ని తయారుచేసి ఇచ్చే వెబ్‌సైట్లు ఇప్పుడు చాలా వచ్చాయి. వాటితో పని ఎంతవరకు పూర్తవుతుందో తెలుసుకోవడానికి ఈ రోజు స్టూడియోలో ఒక న్యాయవాది, నొప్పి, ఆయాసం లాంటి బాధలను తగ్గించే ఉపశమన వైద్యం చేసే ఒక డాక్టరు మనతో ఉన్నారు. మొదటి శ్రోత గుంటూరు నుంచి మాట్లాడుతున్నారు.

గుంటూరు శ్రోత: నమస్కారమండీ. నేను రిటైరైన టీచర్‌ని, నాకు 71 ఏళ్లు. మావారు పోయాక ఒక్కదాన్నే ఉంటున్నాను. మా అబ్బాయి టెక్సస్‌లో ఉంటాడు. అక్కడ తను నింపుకున్న ఫారం లాంటిదే ఇంటర్నెట్‌లో తీసి నాకూ పంపించాడు. నేను నింపి, సంతకం పెట్టి, స్కాన్ తీసి వాడికి పంపాను. అది ఇక్కడ చెల్లుతుందా అండీ?

న్యాయవాది: అమ్మా, అందులో మీ మనసులో మాట ఉంది కాబట్టి ఆ కాగితాన్ని పారేయకండి. అయితే ఇక్కడి ఆసుపత్రిలో అది అమలు చేయదగిన పత్రం కాదు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం ఉంటుంది, టెక్సస్ ఫారం టెక్సస్ చట్టానికి తగినట్టు ఉంటుంది. మన దేశంలో దీని కోసం పార్లమెంటు ఇంకా చట్టం చేయలేదు. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించే హక్కు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ఈ పత్రం ఎలా రాయాలో, ఎలా అమలు చేయాలో తానే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ పద్ధతి మరీ కష్టంగా ఉండటంతో 2023 జనవరి 24న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సులభం చేసింది. ఇప్పుడు మనకు వర్తించేది ఆ సవరించిన పద్ధతి.

వ్యాఖ్యాత: ఆ పద్ధతి ప్రకారం ఈ అమ్మగారు ఏం చేయాలో చెప్పండి.

న్యాయవాది: పత్రం రాసేవారు మేజర్ అయి ఉండాలి, మతి స్థిమితంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయాలి. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి, ఆ సాక్షులు వీలైనంతవరకు మీ వ్యవహారాలతో సంబంధం లేనివారైతే మంచిది. ఆ తర్వాత నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరించాలి. మీరు మాట్లాడలేని స్థితిలో మీ తరఫున అంగీకారం చెప్పవలసిన దగ్గరి బంధువుల పేర్లు రాయాలి, ఒకరికంటే ఎక్కువ మందిని రాయవచ్చు. మీ అబ్బాయి పేరుతో పాటు పిలిస్తే గంటలో ఆసుపత్రికి రాగల మనిషి పేరు కూడా తప్పకుండా రాయండి, అమ్మా. టెక్సస్‌లో అర్ధరాత్రి అయినప్పుడు ఇక్కడ డాక్టరు ముందు కూర్చుని మాట్లాడేవారు కావాలి.

గుంటూరు శ్రోత: మా చెల్లెలి కూతురు తెనాలిలో ఉంటుంది. దాని పేరు రాయవచ్చా?

న్యాయవాది: రాయవచ్చు. ముందు ఆమెతో కూర్చుని అన్నీ చెప్పి, ఆమె సరేనన్నాకే రాయండి. పత్రం పూర్తయ్యాక ఆమెకు ఒక ప్రతి, మీ అబ్బాయికి ఒకటి, మీరు ఎప్పుడూ చూపించుకునే డాక్టరుకు ఒకటి ఇవ్వండి.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి శ్రోత లైన్‌లో ఉన్నారు.

కరీంనగర్ శ్రోత: నమస్తే సార్. నేను ఒక వెబ్‌సైట్‌లో వివరాలన్నీ నింపిన. ఆధార్ ఓటీపీతోటి ఈ-సైన్ కూడా అయింది. మీ పత్రం సిద్ధమైందని మెయిల్ వచ్చింది. ఇంకేమైనా చేయాల్నా?

న్యాయవాది: అసలు పని ఇంకా మిగిలే ఉందండీ. ఆ వెబ్‌సైట్ మీకు ముసాయిదా మాత్రమే ఇచ్చింది. ఓటీపీ పెట్టిన మనిషి మీరేనని అది చెప్పగలదు. మీరు ఎవరి బలవంతం మీదా కాకుండా, అర్థం చేసుకుని సంతకం చేశారని చెప్పవలసింది మీ ఎదుట ఉన్న సాక్షులు, నోటరీ. నోటరీ ఆ సంగతిని పత్రం మీద రాతపూర్వకంగా నమోదు చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ప్రింటు తీసి, సాక్షులను వెంటబెట్టుకుని వెళ్లి సంతకం చేయండి. మరో విషయం కూడా చూడండి. మీకు వచ్చిన నమూనాలో చివర జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ సంతకానికి చోటు ఉందా?

కరీంనగర్ శ్రోత: ఉంది సార్. కోర్టుకు పోవాల్నేమో అనుకున్న.

న్యాయవాది: అయితే అది 2018 నాటి నమూనా. అప్పట్లో మేజిస్ట్రేట్ ప్రతిసంతకం కావాలనే నియమం ఉండేది, చాలామంది ఆ మెట్టు దగ్గరే ఆగిపోయారు. 2023 తర్వాత ఆ అవసరం లేదు. ఒక నమూనా పాతదో కొత్తదో తేల్చుకోవడానికి నేను మొదట చూసేది ఆ గడినే. కేరళలోని పాలియం ఇండియా లాంటి ఉపశమన వైద్య సంస్థల నమూనాల నుంచి మొదలుపెట్టమని నేను చెబుతాను, ఎందుకంటే ఈ పత్రం అవసరమయ్యే రోగులతో వారు రోజూ పనిచేస్తున్నారు. ఎవరు నడుపుతున్నారో తెలియని సైట్లలో మాత్రం ఆధార్ నంబరు, జబ్బుల వివరాలు నింపకండి. ఖాళీ నమూనా దించుకుని మీ ఇంట్లోనే నింపుకున్నా సరిపోతుంది.

వ్యాఖ్యాత: హైదరాబాద్ నుంచి శ్రోత, చెప్పండమ్మా.

హైదరాబాద్ శ్రోత: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని, నాకు 34 ఏళ్లు. మా నాన్నగారికి మూత్రపిండాల జబ్బు ఉంది, డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఆయన తన మాటల్లో చెప్పింది నేను ఒక ఏఐ చాట్‌బాట్‌కు ఇస్తే అది చక్కటి భాషలో రెండు పేజీలు రాసి ఇచ్చింది. అందులో ముఖ్యమైన వాక్యం, "నాకు అనవసరమైన వైద్యం చేయవద్దు, వెంటిలేటర్ మీద ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు" అని ఉంది. డాక్టరు గారూ, ఇది సరిపోతుందా?

డాక్టరు: అమ్మా, ఆ వాక్యాన్ని నేను ఐసీయూలో రాత్రి రెండు గంటలకు చదువుతున్నానని అనుకోండి. అనవసరమైన వైద్యం అంటే ఏది? మీ నాన్నగారికి డయాలసిస్ ఇన్నాళ్లూ ప్రాణం నిలుపుతూ వచ్చిన వైద్యం. ఆయన దృష్టిలో అది అనవసరమా? ఇక వెంటిలేటర్ సంగతి. తీవ్రమైన న్యుమోనియా వచ్చినప్పుడు కొన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉండి, తర్వాత లేచి ఇంటికి నడిచి వెళ్లినవారిని నేను చాలామందిని చూశాను. ఎట్టి పరిస్థితిలోనూ వద్దని రాస్తే అలాంటి సందర్భంలో కూడా వద్దన్నట్టే అర్థం వస్తుంది. మీ నాన్నగారు అనుకున్నది అది కాదనుకుంటాను.

హైదరాబాద్ శ్రోత: కాదండీ. ఇక లాభం లేదని తెలిశాక కూడా యంత్రాల మీద ఉంచవద్దని ఆయన ఉద్దేశం.

డాక్టరు: ఆ "లాభం లేదని తెలిశాక" అన్న మాటే పత్రంలో ముందుకు రావాలి. మొదట పరిస్థితిని రాయాలి, తర్వాత వైద్యాన్ని రాయాలి. నా జబ్బు నయమయ్యే అవకాశం లేదని వైద్య బోర్డులు, అంటే నిపుణులైన డాక్టర్ల బృందాలు, తేల్చినప్పుడు, నిర్ణయం చెప్పే శక్తి నాకు లేనప్పుడు, వెంటిలేటర్ మొదలుపెట్టవద్దు, మొదలుపెట్టి ఉంటే తీసివేయండి అని రాయవచ్చు. గుండె ఆగినప్పుడు ఛాతీ మీద నొక్కి తిరిగి కొట్టించే ప్రయత్నం, డయాలసిస్, ముక్కులోంచి వేసే గొట్టం ద్వారా ఆహారం, వీటిలో ఒక్కొక్కదాని గురించి ఆయనను విడిగా అడగండి. తేరుకుంటారో లేదో వెంటనే తెలియని సందర్భాలూ ఉంటాయి. అప్పుడు కొన్ని రోజులు ప్రయత్నించి, మెరుగు కనిపించకపోతే ఆపండి అని రాయడం మాకు చాలా ఉపయోగపడుతుంది. వద్దన్నవి రాసినంత శ్రద్ధగా కావలసినవి కూడా రాయించండి. నొప్పి తెలియకుండా చూడమని, ఆయాసం తగ్గించమని, వీలైతే ఇంటికి తీసుకువెళ్లమని రాసిన పత్రం చూస్తే మాకు దారి కనిపిస్తుంది.

న్యాయవాది: డాక్టరు గారు చెప్పినదానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. పత్రం అస్పష్టంగా ఉంటే బోర్డు దాన్ని అమలు చేయకూడదు. అప్పుడు అసలు పత్రమే లేని రోగికి పాటించే పద్ధతిని పాటిస్తారు. చాట్‌బాట్ రాసిన భాష ఎంత చక్కగా ఉన్నా, మీ నాన్నగారికి వైద్యం చేస్తున్న మూత్రపిండాల డాక్టరుకు ఒకసారి చదివి వినిపించకుండా నోటరీ దగ్గరకు వెళ్లవద్దు.

వ్యాఖ్యాత: అనంతపురం నుంచి ఒక రైతు సోదరుడు మాట్లాడుతున్నారు.

అనంతపురం శ్రోత: సార్, నాదొక భయం. ఇట్లా రాసిస్తే రేపు నాకు గుండెనొప్పి వచ్చినా, యాక్సిడెంట్ అయినా డాక్టర్లు చూడకుండా వదిలేస్తారేమో?

డాక్టరు: వదిలేయరు. మీరు స్పృహలో ఉండి మాట్లాడగలిగినంతకాలం ఆ పత్రాన్ని ఎవరూ తెరవరు, మిమ్మల్నే అడుగుతారు. స్పృహ లేకపోయినా నయమయ్యే జబ్బు అయితే దానికి పత్రం వర్తించదు. వర్తించే దశ వచ్చిందో లేదో ఒక డాక్టరు ఒక్కడే నిర్ణయించడు. వైద్యం చేస్తున్న డాక్టరు, కనీసం అయిదేళ్ల అనుభవం ఉన్న మరో ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డుగా కూర్చుంటారు. వారు సరేనన్న తర్వాత రెండో బోర్డు చూస్తుంది. అందులో జిల్లా ప్రధాన వైద్యాధికారి నియమించిన డాక్టరు ఒకరు, మొదటి బోర్డులో లేని ఇద్దరు నిపుణులు ఉంటారు. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. అంతా అయ్యాక మీరు రాసిన బంధువులు కూడా అంగీకరించాలి. యంత్రాలు ఆపినా నొప్పికి, ఆయాసానికి వైద్యం ఆగదు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం చేసే పని అదే.

న్యాయవాది: ప్రాణం తీయడానికి మందు ఇవ్వడం మన దేశంలో ఈనాటికీ నేరమే. ఈ పత్రంలో అలా రాసినా ఎవరూ చేయరు, చేయకూడదు. మనసు మారితే ఈ పత్రాన్ని ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. కొత్తది రాసుకుంటే చివరగా సంతకం చేసినదే చెల్లుతుంది. కాబట్టి పాత ప్రతులు ఎవరెవరికి ఇచ్చారో గుర్తు పెట్టుకుని వెనక్కి తీసుకోండి.

వ్యాఖ్యాత: గోదావరి జిల్లా నుంచి శ్రోత.

గోదావరి జిల్లా శ్రోత: నేనూ మా ఆవిడా మీరు చెప్పినట్టే అన్నీ చేశామండి. ఒక ప్రతి మున్సిపల్ ఆఫీసులో ఇవ్వాలని చదివి పట్టుకెళ్తే, ఇలాంటిది మాకు తెలీదు, తీసుకోమన్నారండి. ఇప్పుడు మా పత్రం చెల్లదంటారా?

న్యాయవాది: మీ పత్రానికి ఢోకా లేదండీ. సాక్షుల ఎదుట సంతకం, నోటరీ ధ్రువీకరణ ఉన్నాయి కదా. స్థానిక సంస్థలో ఒక అధికారి దాన్ని భద్రపరచాలని తీర్పులో ఉంది, కానీ ఆ ఏర్పాటు అన్నిచోట్లా ఒకేలా జరగలేదు. ముంబయికి చెందిన వైద్యులు నిఖిల్ దాతార్ గారు బాంబే హైకోర్టుకు వెళ్లిన తర్వాత మహారాష్ట్రలో ఇలాంటి అధికారులను నియమించారు. ఇది పౌరుడికి దక్కవలసిన సేవ, దాన్ని అడిగి రాబట్టుకోవాలి. మీరు ఒక ప్రతిని, 2023 తీర్పును ప్రస్తావిస్తూ రాసిన ఉత్తరాన్ని జతచేసి, మున్సిపల్ కమిషనర్ పేరిట రసీదు కోరుతూ స్పీడ్ పోస్టులో పంపండి. ఆ రసీదును అసలు పత్రంతో ఉంచండి. డిజిటల్ ఆరోగ్య రికార్డులో కూడా ఈ పత్రాన్ని చేర్చుకోవచ్చని తీర్పు చెబుతోంది కాబట్టి, స్కాన్ చేసిన ప్రతిని మీ పిల్లల ఫోన్లలోనూ ఉంచండి. అసలు పత్రాన్ని మాత్రం బ్యాంకు లాకర్‌లో పెట్టవద్దు. మీరు ఆసుపత్రిలో ఉన్న రోజు ఆ లాకర్ తెరిచేదెవరు?

వ్యాఖ్యాత: సమయం కొద్దిగానే ఉంది. వరంగల్ నుంచి చివరి శ్రోత.

వరంగల్ శ్రోత: సార్, మా అమ్మ ఇరవై రోజుల సంది ఐసీయూల ఉన్నది. మెదడులో రక్తస్రావం అయింది, స్పృహ లేదు. ఇగ కోలుకోదని డాక్టర్లే అంటున్నరు. అమ్మ ఏ పత్రం రాయలేదు. మేం ముగ్గురం అన్నదమ్ములం. హైకోర్టుకు పోతేనే ఏదైనా అయితదని ఒకాయన చెప్పిండు.

న్యాయవాది: బాబూ, 2011లో, ఏళ్ల తరబడి అచేతనంగా ఉన్న ముంబయి నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి సందర్భంలోనూ హైకోర్టు అనుమతి కావాలని చెప్పింది. ఆయన ఆ సంగతి చెప్పి ఉంటారు. 2018 తీర్పు తర్వాత ఆ అవసరం పోయింది. పత్రం లేకపోయినా ఆ రెండు బోర్డుల పద్ధతే వర్తిస్తుంది, దగ్గరి బంధువులుగా మీ అంగీకారాన్ని రాతపూర్వకంగా తీసుకుంటారు. నిర్ణయాన్ని అమలు చేసే ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేస్తుంది, అంతే. రెండో బోర్డు కాదంటేనే హైకోర్టుకు వెళ్లే ప్రశ్న వస్తుంది.

వరంగల్ శ్రోత: మా తమ్ముడు మాత్రం ఇంకా కొన్నాళ్లు చూద్దాం అంటున్నడు సార్.

డాక్టరు: ఆయన్ని తొందరపెట్టకండి. మీ ముగ్గురినీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడమని రేపు ఉదయం రౌండ్స్‌కు వచ్చే పెద్ద డాక్టరును అడగండి. స్కాన్‌లో ఏముందో మీ తమ్ముడికి స్వయంగా చూపించి వివరించమని కోరండి. మీ అమ్మగారు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో, ఎవరైనా ఇలా మంచాన పడితే ఏమనేవారో ముగ్గురూ గుర్తు తెచ్చుకుని ఆ డాక్టరుకు చెప్పండి, బోర్డుకు కూడా ఆ మాటలు ఉపయోగపడతాయి. ఈలోగా ఆమెకు నొప్పి, ఆయాసం లేకుండా చూస్తున్నారా అని మీరు ప్రతిరోజూ అడగవచ్చు. అది అడగడానికి ఏ బోర్డు అనుమతీ అక్కర్లేదు.