తారు తీయడం ఒక్కరోజు పని, ఆ తర్వాత?

అందరికీ నమస్కారం.

పార్కింగ్ స్థలాల మీది తారు తీసేసి పార్కులు చేయడం గురించి మాట్లాడతాను. ముందు చిన్న లెక్క ఒకటి. ఒక కారు నిలపడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు, అంటే 12.5 చదరపు మీటర్ల చోటు కావాలి. రెండు సెంటీమీటర్ల వాన కురిస్తే ఆ కాస్త చోటు మీదే 250 లీటర్ల నీళ్లు పడతాయి. వంద కార్ల పార్కింగ్ అయితే, మధ్య దారులు వదిలేసినా, 25,000 లీటర్లు. తారు చుక్క కూడా తాగదు కాబట్టి అన్నీ ఒక్కసారే డ్రైనేజీ మీద పడతాయి. వీధి మునిగాక మనం డ్రైనేజీని తిడతాం. దాని తప్పు సగమే.

తారు తీసేసి పార్కు చేయడం కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ 1974లోనే నది ఒడ్డున ఉన్న హార్బర్ డ్రైవ్ అనే పెద్ద రోడ్డును మూసేసి, అక్కడ పార్కు కట్టింది. సియోల్‌లో చియోంగ్యెచియోన్ వాగును కప్పేసి, పైన ఫ్లైఓవర్ కూడా వేశారు. 2003లో దాన్ని కూల్చడం మొదలుపెట్టి, 2005 కల్లా 5.8 కిలోమీటర్ల మేర వాగును బయటికి తెచ్చారు. ట్రాఫిక్ ఏమైపోతుందోనని ముందు చాలా టెన్షన్ పడ్డారు, తీరా అంత గొడవేమీ జరగలేదు. ప్రకృతి తిరిగొచ్చిందని అందరూ మెచ్చుకుంటారు. కానీ ఆ వాగులో పారే నీళ్లలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి మోటార్లతో తోడి పోసేవే. మోటార్లు ఆపితే వాగు చిక్కిపోతుంది.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, తారు తీయడంతో పని అయిపోయిందనుకుంటారు చాలామంది. పోర్ట్‌లాండ్‌లోనే డీపేవ్ అనే సంస్థ 2008 నుంచి ఈ పని చేస్తోంది. తారును ముందే యంత్రంతో పలకలుగా కోస్తారు. వాలంటీర్లు గడ్డపారలు దూర్చి ఒక్కో పలకనీ పైకి లేపుతారు. ఫొటోలకు చాలా బాగుంటుంది.

పలక లేచాక కింద ఏముంటుందో చూడండి. ముందు కంకర. దాని కింద రోలరుతో తొక్కించిన మట్టి, గోటితో గీరితే గీత కూడా పడదు. ఏళ్ల తరబడి గాలీ నీరూ అందలేదు కాబట్టి వానపాము జాడ ఉండదు. అడుగు లోతు గుంత తీసి బకెట్ నీళ్లు పొయ్యండి. మంచి నేల అయితే కాసేపట్లో ఇంకుతాయి. ఇక్కడ మర్నాడు కూడా నిలిచే ఉండొచ్చు. అందులో నాటిన చెట్టు వేర్లు తొట్టిలో ఉన్నట్టు అక్కడక్కడే చుట్టుకుని, చివరికి కుళ్లిపోతాయి.

అందుకని కంకరంతా ఎత్తేయాలి. మట్టిని రెండడుగులైనా గుల్ల చేసి, బాగా మాగిన ఎరువు కలపాలి. అంతకంటే ముందు కేబుళ్లు, పైపులు ఎక్కడెక్కడ ఉన్నాయో కనుక్కోవాలి, మట్టి పరీక్ష చేయించాలి. ఒకప్పుడు అక్కడ పెట్రోల్ బంకో మెకానిక్ షెడ్డో ఉంటే నూనె, సీసం మట్టిలోకి దిగి ఉండొచ్చు. పిల్లలు ఆడే చోటు కదా! ఇక ఎత్తు సంగతి. చాలా పార్కులను రోడ్డు కంటే ఎత్తులో కట్టి, చుట్టూ గట్టు వేస్తారు. వాన నీరు లోపలికి ఎలా వస్తుంది? 2011 జూలైలో కుండపోతకు మునిగిన డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్, తర్వాత టాసింగే ప్లాడ్స్ అనే చోట తారు తీసి, చుట్టుపక్కల కప్పుల మీది నీళ్లు వచ్చి చేరేలా పల్లంగా తోట వేసింది. పార్కుకు పల్లమే మంచిది.

నాకు విసుగు తెప్పించే విషయం ఒకటుంది. ప్రారంభోత్సవానికి డబ్బులుంటాయి, రెండో వేసవిలో నీళ్లు పోసే మనిషికి ఉండవు. కొత్త చెట్టుకు రెండు మూడేళ్లు నీళ్లు పోయాల్సిందే. అది బడ్జెట్‌లో లేకపోతే వంద మొక్కల బదులు ఇరవై నాటండి, ఒక్కోదానికి మట్టి ఎక్కువ ఇవ్వండి.

ఆ స్థలంలో ఇప్పుడు బండి పెట్టుకుంటున్నవాళ్లనీ, తోపుడుబండి మీద అమ్ముకుంటున్నవాళ్లనీ ప్లాన్ గీయకముందే పిలవాలి, గీశాక కాదు. పార్కు వచ్చాక చుట్టుపక్కల అద్దెలు పెరిగే అవకాశం ఉంది, అద్దెకుండేవాళ్ల మాట కూడా ప్లాన్ గీయకముందే వినాలి. వీళ్లు పార్కు వద్దంటే ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్నే. దాని గురించి మీరేమంటారో వినాలనుంది. మైకు అటు ఇవ్వండి.