సీరియల్ మొదలుపెట్టాలా, కథ రాయాలా?

అందరికీ నమస్కారం. కొత్తగా రాస్తున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నే ఇవాళ తీసుకుంటున్నాను. సీరియల్, అంటే భాగాలుగా వచ్చే నవల మొదలుపెట్టాలా, కథలు రాయాలా? వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఫోన్‌లో చదివే యాప్‌లు వచ్చాక సీరియల్‌కి పాఠకులు వెంటనే దొరుకుతున్నారు, ఆరు పేజీల కథేమో పత్రికకి పంపి నెలలు ఎదురుచూడాలి.

సీరియల్ అనగానే చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కందుకూరి వీరేశలింగం గారి నవల రాజశేఖర చరిత్రము 1878లో పత్రికలో భాగాలుగానే మొదలైంది, గురజాడ కథ దిద్దుబాటు 1910లో వచ్చిందీ పత్రికలోనే.

మరి దేన్ని పట్టుకోవాలి? మీరు రాయాలనుకున్న సంఘటన జరిగాక ఆ మనిషికి ఇంకా ఏం మిగిలిందో చూడండి. కోనసీమ నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్లిన ఒకావిడ ఎనిమిదేళ్లకి తిరిగొచ్చిందనుకుందాం. ఆ రాత్రి కూతురు ఆవిడ దగ్గరికి రాకుండా అమ్మమ్మ పక్కన పడుకుంది. రాయాలనిపించింది అదే అయితే కథ రాయండి. ఎనిమిదేళ్లలో ఏం జరిగిందో చెప్పక్కర్లేదు, తల్లి తెచ్చిన గౌను పిల్లకి పట్టకపోవడం ఒక్కటి చూపిస్తే చాలు, మిగతాది పాఠకుడే ఊహించుకుంటాడు. అదే మనిషి మర్నాడు లేచి, తను పంపిన డబ్బుతో కొన్న స్థలం ఎవరి పేరు మీద ఉందని అడిగిందనుకోండి, అది తమ్ముడి పేరు మీద ఉందని, వాడు దాన్ని తాకట్టు కూడా పెట్టాడని తెలిసిందనుకోండి, వీసా కోసం ఏజెంటుకి కట్టడానికి చేసిన అప్పు ఇంకా తీరలేదనుకోండి, ఇక్కడ ఒక్కో జవాబు ఇంకో గొడవని తెస్తుంది. ఇది సీరియల్‌కి తగిన విషయం.

మొదటిదాన్ని పట్టుకుని నలభై భాగాలు సాగదీస్తే కూతురు అలగడం, తల్లి ఏడవడం మళ్లీ మళ్లీ వస్తాయి. రెండోదాన్ని ఆరు పేజీల్లో కుక్కితే పంచాయతీ రిపోర్టులా ఉంటుంది.

సీరియల్లో అసలు కష్టం, ఒకసారి బయటికి వెళ్లిన భాగం మీ చేతిలో ఉండదు. మూడో భాగంలో తండ్రి చనిపోయాడని రాస్తే ఇరవయ్యో భాగంలో అవసరమొచ్చినా లేపలేరు. పైగా తమ్ముణ్ణి మంచివాడిగా మార్చమని పాఠకులు అడుగుతూనే ఉంటారు, వాళ్ల ప్రేమకి లొంగిపోవడం చాలా తేలిక. అందుకే ముగింపు తెలియకుండా మొదటి భాగం వదలకండి. కనీసం పది భాగాలు చేతిలో ఉంచుకోండి, పాత్రల వయసులూ వరసలూ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

కథలో ఆ ఇబ్బంది లేదు, చివరి వాక్యం రాశాక వెనక్కి వెళ్లి మొదటి పేజీ మొత్తం కొట్టేయొచ్చు. ఇంతవరకూ దేన్నీ పూర్తి చేయనివాళ్లు కథతో మొదలుపెట్టడం మంచిదని నేననేది ఇందుకే. అలాగని కథ నవలకి తొలిమెట్టేమీ కాదు, కాళీపట్నం రామారావు గారికి అంత పేరు తెచ్చినవి కథలే.

ఆయన 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథల లైబ్రరీ కథానిలయానికి వీలైతే వెళ్లండి. పాత వారపత్రిక ఒకటి తీసి, అదే సంచికలో ఉన్న కథనీ, సీరియల్ భాగాన్నీ చదివి, రెండూ ఎక్కడ ఆగాయో, అక్కడే ఎందుకు ఆగాయో రాసుకుని రండి.