ఖాళీ కంప్యూటర్ల మీద ఒక లోకం

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో కంప్యూటర్ రోజులో ఎక్కువసేపు ఊరికే ఉంటుంది. ఆ ఖాళీ సమయాన్ని నలుగురి దగ్గరా అడిగి పుచ్చుకుంటే పెద్ద పనులే జరుగుతాయని 1999లో తేలిపోయింది. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు సెటీ ఎట్ హోమ్ అనే ప్రోగ్రాం విడుదల చేశారు. రేడియో టెలిస్కోపుకు అందిన సంకేతాలను ముక్కలు చేసి లక్షల మంది కంప్యూటర్లకు పంపేవారు. గ్రహాంతరవాసుల జాడ దొరకలేదు గానీ పద్ధతి మాత్రం నిలబడింది.

అదే పద్ధతిలో ఏకంగా ఒక లోకాన్నే నడిపితే ఎలా ఉంటుందని ఆలోచించినవారు ఫిలిప్ రోజ్‌డేల్. అంతకు ముందే, 2003లో, సెకండ్ లైఫ్ అనే వర్చువల్ ప్రపంచాన్ని, అంటే కంప్యూటర్ తెర మీది లోకాన్ని, జనంలోకి తెచ్చింది ఆయన స్థాపించిన లిండెన్ ల్యాబ్ కంపెనీయే. అక్కడ ఇల్లు కట్టుకోవచ్చు, వ్యాపారం చేయవచ్చు, కచేరీ పెట్టుకోవచ్చు. ఆ నేలను 256 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరాలుగా కోశారు. కానీ ఒక్కో చదరం భారం కంపెనీ సర్వర్ మీదే, అంటే కంపెనీ సొంత కంప్యూటర్ మీదే. కచేరీకి జనం వంద దాకా చేరారంటే ఇక అడుగు తీసి అడుగు వేయడమే గగనం.

ఎందుకో లెక్క చూడండి. హాల్లో 100 మంది ఉంటే ప్రతి ఒక్కరి కదలికా మిగతా 99 మందికి తెలియాలి. అంటే 9,900 కబుర్లు, అవీ సెకనుకు ఎన్నోసార్లు. 1,000 మంది వస్తే దాదాపు 10 లక్షలు. జనం పది రెట్లు పెరిగితే పని వంద రెట్లు పెరుగుతుందన్నమాట.

2013లో రోజ్‌డేల్ శాన్‌ఫ్రాన్సిస్కోలో హై ఫిడెలిటీ అనే కంపెనీ మొదలుపెట్టారు. ఆయన ఆలోచన ఇదీ: సర్వర్లు కొంటూ పోవడమెందుకు? వచ్చేవాళ్ల కంప్యూటర్లే పని పంచుకుంటాయి. ఒక యంత్రం అవతార్ల, అంటే ఆ లోకంలో మన తరఫున తిరిగే బొమ్మల, కదలికలు చూసుకుంటుంది, ఇంకొకటి వస్తువుల సంగతి, మరొకటి మాటల సంగతి.

వినడానికి బాగానే ఉంది. కానీ సెటీ పని రేపు అయినా పర్వాలేదు, ఎల్లుండి అయినా పర్వాలేదు. మనిషితో మాట అలా కాదు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. హైదరాబాదు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర దగ్గర 13,500 కిలోమీటర్లు. కేబుల్ తిన్నగా వేసినా మాట చేరడానికే 67 మిల్లీసెకన్ల పైచిలుకు పోతాయి. నిజంగా కేబుల్ తిన్నగా ఉండదు కదా. ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటిందంటే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, “నువ్వు చెప్పు”, “కాదు నువ్వే చెప్పు” అనుకోవడం మొదలవుతుంది. కాలిఫోర్నియాలో పిల్లలున్న తల్లిదండ్రులకు ఈ ఇబ్బంది నేను చెప్పక్కర్లేదు. పైగా పరాయివాళ్ల ల్యాప్‌టాప్ మీద సభ నడుస్తుంటే, వాళ్లు మూత వేసేసి పడుకుంటే సభ గతేమిటి?

నా దృష్టిలో ఈ ప్రయత్నంలో అన్నిటికన్నా గట్టిగా నిలిచింది బొమ్మ కాదు, శబ్దం. పెళ్లిలో వందమంది మాట్లాడుతున్నా వెనక నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే తల అటే తిరుగుతుంది. శబ్దం ఒక చెవికంటే రెండో చెవికి మిల్లీసెకనులో కొంత భాగం ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడాను మెదడు పట్టేస్తుంది. హై ఫిడెలిటీలో ఆడియో మిక్సర్ చేసేది ఇదే. అందరి గొంతులూ దానికి వెళతాయి. ఎవరు ఎంత దూరంలో, ఏ పక్కన నిలబడ్డారో లెక్క కట్టి, ప్రతి శ్రోతకూ విడిగా ఒకే ఒక్క మిశ్రమం తయారుచేసి పంపుతుంది. వంద గొంతులు వంద దారుల్లో మన ఇంటికి రావు, ఒక్క ధారే వస్తుంది.

అయితే ఇలాంటి లోకాలను చూడటానికి కళ్లకు పెట్టుకునే హెడ్‌సెట్లు అనుకున్నంతగా ఇళ్లలోకి రాలేదు. 2020 జనవరిలో ఆ లోకం తలుపులు మూశారు. రెండు నెలలు తిరగకుండానే కరోనా వచ్చి ప్రపంచమంతా తెరల ముందు కూర్చుంది. వేళావిశేషం చూడండి! కంపెనీ ఆ శబ్ద విద్యనే పట్టుకుని మిగిలింది. 2022లో రోజ్‌డేల్ సలహాదారుగా మళ్లీ సెకండ్ లైఫ్‌కే వచ్చారు.

ప్రోగ్రాం కోడ్‌ను ముందే అందరికీ తెరిచి ఉంచారు కాబట్టి అది పోలేదు. ఓవర్టే అనే పేరుతో స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్నారు. మీ కంప్యూటర్‌లోనే ఒక చిన్న లోకం పెట్టుకుని స్నేహితులను పిలవవచ్చు. హెడ్‌సెట్ లేకపోయినా మామూలు స్క్రీన్ సరిపోతుంది. ఇయర్‌ఫోన్లు మాత్రం రెండు చెవులకూ పెట్టుకోండి. ఒక చెవికే పెట్టుకుంటే ఎవరు ఎటు నుంచి పిలిచారో తెలియదు.